వీలునామాలో దానం రాయడం: మొదటి కాగితం నుంచి చివరి సంతకం దాకా

“నా తర్వాత కొంత సొమ్ము మా ఊరి బడికి పోవాలె. ఎట్ల రాయాలె?” నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. కొందరికి బడి, కొందరికి గుడిలో అన్నదానం, కొందరికి తల్లిదండ్రులు లేని పిల్లల హాస్టల్. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒక తెల్లకాగితం మీద ఏదో రాసిపెట్టుకుని ఉంటారు. వాళ్ళ మనసు ఆ కాగితంలో కనిపిస్తుంది. కనిపించనివి మూడు: ఎవరికి, ఏది, ఎవరు తీసుకెళ్ళి ఇస్తారు. రాసిన దానం ఆగిపోయేది ఎక్కువగా ఈ మూడింటి దగ్గరే. అందుకే కింద ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

వరుస మార్చకుండా చేయండి. వకీలు దగ్గరికి వెళ్ళేది ఐదో అడుగు తర్వాతే.

1. బతికుండగా ఇస్తారా, తర్వాతనా?

గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయిస్తే ఆస్తి ఆ రోజే చేయి దాటుతుంది. తర్వాత వెనక్కి తీసుకోవడం దాదాపు కుదరదు. వీలునామా అలా కాదు. మీరున్నంత కాలం ఆస్తి మీదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పూర్తిగా రద్దు చేసి కొత్తది రాయొచ్చు.

ముసలితనంలో ఆస్పత్రి ఖర్చు ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఇల్లు, భూమి, పెద్ద డిపాజిట్లు వీలునామాలో ఉంచండి. కళ్ళతో చూడాలనుకున్న చిన్న మొత్తాలు ఇప్పుడే ఇచ్చేయండి.

పన్ను సంగతి ఒక్క మాట. దానాలకు 80జీ పేరుతో తెలిసిన ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు, బతికుండగా ఇచ్చిన దానానికే వస్తుంది. అది కూడా 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. వీలునామా ద్వారా వెళ్ళే సొమ్ముకు మీకు ఆ లాభం ఉండదు.

2. మీది ఏదో, మీ ఒక్కరిది కానిది ఏదో విడదీయండి

ఒక నోట్‌బుక్‌లో ఆస్తులన్నీ రాసి, ఒక్కోదాని పక్కన అది ఎలా వచ్చిందో రాయండి. సగం సమస్యలు ఈ ఒక్క పేజీతో బయటపడతాయి.

- స్వార్జితం: మీ సంపాదనతో, మీ పేరున సేల్ డీడ్‌తో కొన్నది. మొత్తం మీ ఇష్టం.
- పిత్రార్జితం: ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కొడుకులతో పాటు కూతుళ్ళకూ పుట్టుకతో హక్కు ఉంది. పంపకం కాని భూమి అయితే ముందు పంపకం కాగితం చేసుకోండి, దానం మాట తర్వాత.
- అసైన్డ్ భూమి: అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి, దానం ఇవ్వడానికి వీల్లేదు. దాన్ని వారసులకే వదిలేసి దానం లెక్కలోంచి తీసేయండి.
- బ్యాంకు డిపాజిట్లు: నామినీ ఉంటే బ్యాంకు అతనికి డబ్బు ఇస్తుంది, కానీ అంతమాత్రాన అది అతని సొంతం కాదు. ఎవరికి చెందాలో వీలునామా చెబుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో కూడా సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది.
- ఎల్ఐసీ: ఇది వేరు. బీమా చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే ఆ డబ్బు వాళ్ళదే. దాన్ని దానానికి రాయకండి.
- అప్పులు: క్రాప్ లోన్, గోల్డ్ లోన్, చేబదులు. ముందు ఇవి తీరాలి, మిగిలిందే పంచుకోవాలి.

మతాన్ని బట్టి కూడా తేడా ఉంది. ముస్లింలు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామాతో ఇవ్వగలరు. అంతకు మించితే వారసుల ఒప్పుదల కావాలి. క్రైస్తవులు ధర్మానికి రాస్తే చనిపోవడానికి ఏడాది ముందే రాసి ఉండాలనే పాత నిబంధన ఒకటి ఉండేది. 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పటికీ ఆ భయంతో ఆగిపోయేవాళ్ళు ఉన్నారు, ఆగనక్కర్లేదు.

3. ఎవరికి ఇస్తున్నారో పట్టుకోండి

నిదానంగా చేయాల్సిన అడుగు ఇదే.

“ధర్మకార్యాలకు”, “పుణ్యకార్యాలకు”, “పేదలకు సాయంగా” అని రాసి వదిలేసినవి చాలా చూశాను. చట్టం ముందు ఇవి నిలబడటం కష్టం. ఎవరికో, దేనికో తెలియకుండా ‘ధర్మం’ అని మాత్రమే రాసిన వీలునామా చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1899లోనే తీర్పు ఇచ్చింది. ఒక రిజిస్టర్డ్ సంస్థ పేరు, ఒక పని పేరు తప్పకుండా ఉండాలి.

సంస్థ ఆఫీసుకు స్వయంగా వెళ్ళండి. బోర్డు మీద ఉండే పేరు ఒకటి, రిజిస్ట్రేషన్ కాగితంలో పేరు ఇంకొకటి అయి ఉండటం మామూలే. ఒకే పేరుతో రెండు జిల్లాల్లో రెండు ట్రస్టులు కూడా ఉండొచ్చు. కాగితంలో ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా రాసుకోండి.

అడిగి తీసుకోవాల్సినవి:

- ట్రస్ట్ డీడ్ లేదా సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్
- పాన్ నంబరు
- ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ (ధర్మసంస్థగా గుర్తింపు), 80జీ రిజిస్ట్రేషన్ ఆర్డర్లు, వాటి గడువు
- స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ ఐడీ ఉంటే అది
- గత మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు
- “వీలునామా ద్వారా వచ్చే భూమి తీసుకుంటారా, డబ్బే కావాలా?” అనే ప్రశ్నకు రాతపూర్వక జవాబు

ఆడిట్ రిపోర్టు చూపించడానికి వెనకాడే సంస్థకు రాయకండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ప్రభుత్వ బడికి ఇవ్వాలనుకునేవాళ్ళకు ఇంకో పని ఉంది. బడి సొంతంగా ఆస్తి రాయించుకునే సంస్థ కాదు. భూమి అయితే బతికుండగానే హెడ్మాస్టర్, ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా జిల్లా విద్యాశాఖాధికారిని కలిసి, ప్రభుత్వం పేరున గిఫ్ట్ డీడ్ చేయించడం మేలు. ప్రతి ఏడాదీ పిల్లలకు స్కాలర్‌షిప్ లాంటిదైతే, ఆ పని చేయగల రిజిస్టర్డ్ ట్రస్టును మధ్యలో పెట్టండి. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, ట్రస్టు ఉంటుంది.

గుడికైతే దేవాదాయ శాఖ కింద ఉన్న గుడా, ఊరివాళ్ళు నడుపుకునేదా చూడండి. శాఖ కింద ఉంటే “ఫలానా దేవస్థానం, కార్యనిర్వహణాధికారి ద్వారా” అని రాయాలి. యాదగిరిగుట్ట లాంటి పెద్ద దేవస్థానానికైనా, మన్యంకొండ, చెర్వుగట్టు లాంటి చోట్లకైనా ముందు ఆఫీసులో అడిగి, ఏ పథకం కిందికి వెళ్తుందో తెలుసుకుని ఆ పథకం పేరే రాయండి.

పిల్లలు అమెరికాలో ఉండి అక్కడి పౌరసత్వం తీసుకున్నారా? వాళ్ళ డబ్బు ఇక్కడి సంస్థకు వస్తే అది విదేశీ విరాళం అవుతుంది, సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్ళు తమ సొంత సంపాదన ఇస్తే ఈ చిక్కు లేదు.

4. ఇంట్లో చెప్పండి

చాలామంది దాటవేసే అడుగు ఇది. “నేను పోయినంక చూసుకుంటరు తియ్” అనుకుంటారు. పోయినంక చూసేది పదకొండో రోజు దుఃఖంలో, చుట్టాల మధ్యలో. కోర్టుకెళ్ళే గొడవలు అక్కడే మొదలవుతాయి.

భార్య లేదా భర్త, కొడుకులు, కూతుళ్ళు, అందరూ ఉన్నప్పుడు ఒకేసారి చెప్పండి. ఎంత ఇస్తున్నారో, ఎందుకో, మిగతాది ఎలా పంచారో చెప్పండి. ఒక్కరికి ముందు చెప్పి ఇంకొకరికి తర్వాత చెబితే, దానం మంచిదే అయినా అనుమానం మిగులుతుంది.

ఇంకొకటి. మీ మీద ఆధారపడి బతికే భార్య, మైనర్ పిల్లలు, పెళ్ళి కాని కూతురు, వృద్ధ తల్లిదండ్రులు మీ ఆస్తి నుంచి భరణం అడిగే హక్కు హిందూ చట్టంలో ఉంది. వాళ్ళ బతుకుకు సరిపడా పక్కన పెట్టాకే దానం లెక్క వేయండి. అలా రాసిన వీలునామాను జడ్జి కూడా నమ్మకంతో చూస్తారు.

5. ఎంత, ఏ రూపంలో?

మూడు పద్ధతులున్నాయి.

ఫలానా ఆస్తి ఇస్తాననడం ఒకటి. ఇందులో ప్రమాదం ఏమిటంటే, మిర్యాలగూడలోని ప్లాటు ట్రస్టుకు అని రాసి, నాలుగేళ్ళ తర్వాత ఆ ప్లాటు అమ్మేస్తే దానం పోయినట్టే. అమ్మిన డబ్బు మీద ట్రస్టుకు హక్కు రాదు.

ఇంత మొత్తం అనడం రెండోది. సులువు, స్పష్టం. కానీ పదిహేనేళ్ళ తర్వాత 5 లక్షల విలువ ఇప్పటిలా ఉండదు.

అప్పులు పోగా మిగిలినదాంట్లో ఇంత శాతం అనడం మూడోది. ఆస్తి పెరిగితే దానం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కుటుంబానికీ అన్యాయం జరగదు. నాకు ఇదే నచ్చుతుంది. పిల్లలు స్థిరపడిన ఇంట్లో పది శాతం రాసినా పెద్ద మొత్తమే అవుతుంది.

వ్యవసాయ భూమిని నేరుగా సంస్థకు రాయడం కంటే, “అమ్మి, వచ్చిన డబ్బు ఇవ్వాలి” అని రాయడం మేలు. సంస్థలు ఎక్కువ శాతం దూరపు ఊర్లో రెండెకరాల చెలకను చూసుకోలేవు. కౌలు, కబ్జా, పాసుబుక్ మార్పిడి, అన్నీ వాళ్ళ మీద పడతాయి.

శాశ్వతంగా నడవాలనుకునే పనికి వడ్డీ లెక్క వేసి చూడండి. 6 శాతం వడ్డీ అనుకుంటే 5 లక్షలకు ఏడాదికి 30,000 వస్తాయి. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఖర్చులో కొంత భాగానికి అది ఆసరా. ఇరవై మందిని చదివించాలని రాస్తే అది జరగదు. సొమ్ముకు తగిన పనే రాయండి.

6. క్లాజు రాయడం

తరచూ కనిపించే వాక్యం ఇది:

“నా ఆస్తిలో కొంత భాగము మా ఊరి బడి పిల్లల కొరకు ఇవ్వవలెను.”

కొంత అంటే ఎంత? ఏ ఊరు? ఎవరి చేతికి? ఒక్కదానికీ జవాబు లేదు. అదే కోరికను ఇలా రాయొచ్చు:

“నా మరణానంతరము, నా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు తీరిన తర్వాత, నా పేరున అన్ని బ్యాంకులలో ఉన్న డిపాజిట్ల సొమ్ములో నుండి రూ. 5,00,000 లు, అక్షరాల ఐదు లక్షల రూపాయలు, ______ ట్రస్టుకు, రిజిస్ట్రేషన్ నంబరు ______, పాన్ ______, చిరునామా ______, ఇవ్వవలెను. ట్రస్టు ఈ సొమ్మును మూలధనముగా ఉంచి, దానిపై వచ్చు వడ్డీని ______ గ్రామ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పాసై పై చదువుకు వెళ్ళు ఆడపిల్లల ఫీజులకు వాడవలెను. అట్టి విద్యార్థినులు లేని సంవత్సరములో అదే పాఠశాల పిల్లల పుస్తకములకు వాడవచ్చును. నేను మరణించు నాటికి సదరు ట్రస్టు రద్దయినను, సొమ్ము తీసుకొనుటకు నిరాకరించినను, ఇదే ఉద్దేశముతో పనిచేయు మరొక రిజిస్టర్డ్ సంస్థను నా ఎగ్జిక్యూటర్ ఎంపిక చేసి ఇవ్వవలెను. డిపాజిట్ల సొమ్ము చాలని పక్షమున ఉన్నంత వరకే ఇవ్వవలెను.”

ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. ఎగ్జిక్యూటర్ అంటే మీ తర్వాత వీలునామాను అమలు చేసే మనిషి, ఆ సంగతి ఏడో అడుగులో. అప్పుల మాట ముందు పెట్టడం వల్ల కుటుంబం మీద భారం పడదు. ఒక్క ఎఫ్‌డీ నంబరు రాయకుండా “అన్ని బ్యాంకులలో” అన్నది ఎందుకంటే, ఎఫ్‌డీ రెన్యువల్ అయినప్పుడు నంబరు మారిపోతుంది. “లేని సంవత్సరములో” అన్న వాక్యం లేకపోతే, పై చదువుకు వెళ్ళే ఆడపిల్లలు లేని ఏడాది సొమ్ము ఎటూ కదలదు. సంస్థ రద్దయితే అన్న వాక్యాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలకండి.

భూమి గురించి రాసేటప్పుడు ఇవన్నీ ఉండాలి:

- సర్వే నంబరు, సబ్ డివిజన్ అక్షరంతో సహా
- విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో
- నాలుగు దిక్కుల హద్దులు
- పాసుబుక్, ఖాతా నంబరు
- పాత జిల్లా, కొత్త జిల్లా, మండలం

చివరిది మన వైపు చాలా ముఖ్యం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత దస్తావేజులో మహబూబ్‌నగర్ అని ఉన్న భూమి ఇప్పుడు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల్లో ఎక్కడైనా ఉండొచ్చు. నారాయణపేట 2019లో వేరయింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. “పూర్వపు నల్లగొండ జిల్లా, ప్రస్తుత సూర్యాపేట జిల్లా” అని రెండూ రాయండి. భూదానం మొదలైన గడ్డ మనది. హద్దులు, సర్వే నంబర్లు తేలక ఆ భూముల మీద ఇప్పటికీ వివాదాలు నడుస్తున్నాయి.

చివర్లో “పైన చెప్పని, ఇకముందు నాకు వచ్చే మిగతా ఆస్తి ఫలానావారికి” అనే వాక్యం పెట్టండి. అది లేకపోతే మిగిలిపోయిన ఆస్తి వారసత్వ చట్టం ప్రకారం పోతుంది.

7. ఎగ్జిక్యూటర్

మీ తర్వాత కాగితం పట్టుకుని బ్యాంకుకు, తహసీల్దార్ ఆఫీసుకు తిరిగే మనిషి. మీకంటే చిన్నవాడు, దగ్గరలో ఉండేవాడు, కాగితాలంటే విసుగులేనివాడు కావాలి. డాలస్‌లో ఉన్న కొడుకు కంటే నల్లగొండలో ఉన్న మేనల్లుడు మేలు. ముందు అడిగి ఒప్పించండి. అతనికి ఏమైనా అయితే అని రెండో పేరు కూడా రాయండి. తిరుగుడు ఖర్చులు ఆస్తిలోంచి తీసుకోవచ్చని ఒక వాక్యం ఉంటే అతనికి ఇబ్బంది ఉండదు.

8. సంతకాలు, సాక్షులు, రిజిస్ట్రేషన్

స్టాంప్ పేపర్ అక్కర్లేదు, స్టాంప్ డ్యూటీ లేదు. తెల్లకాగితం చాలు. నోటరీ చేయిస్తే బలం పెరుగుతుందన్నది ఉత్త నమ్మకమే.

తప్పనిసరి అయినవి: మీ సంతకం లేదా వేలిముద్ర, మీరు సంతకం చేయడం చూసి మీ ఎదుట సంతకం చేసే కనీసం ఇద్దరు సాక్షులు. తర్వాత కోర్టులో వీలునామా నిరూపించాలంటే వాళ్ళలో కనీసం ఒకరు సాక్ష్యం చెప్పాలి. అందుకే మీ ఈడువాళ్ళను కాకుండా నలభై ఏళ్ళ లోపువాళ్ళను, ఇక్కడే ఉండేవాళ్ళను పిలవండి. లాభం పొందేవాళ్ళు, వాళ్ళ భార్యాభర్తలు, సంస్థ మనుషులు సాక్షులుగా వద్దు.

సంస్థవాళ్ళు వీలునామా రాయించడంలో అసలు తలదూర్చకూడదు. వకీలును వాళ్ళు మాట్లాడటం, కారులో తీసుకెళ్ళడం, ఫీజు కట్టడం, ఇవన్నీ రేపు కోర్టులో అనుమానానికి కారణాలవుతాయి. వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఆ రోజు దూరంగా ఉండమనండి.

చదువు రానివాళ్ళయితే, వీలునామా మొత్తం తెలుగులో చదివి వినిపించామని, అర్థం చేసుకుని వేలిముద్ర వేశారని చివర్లో రాయాలి. డెబ్బై దాటినవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు అదే రోజు డాక్టర్ దగ్గర మానసికంగా బాగున్నారని సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించండి. దానం ఉన్న వీలునామా మీద గొడవ వచ్చే అవకాశం ఎక్కువ. లేవలేనివాళ్ళ ఇంటికి సబ్ రిజిస్ట్రార్ వచ్చి రిజిస్టర్ చేసే ఏర్పాటు కూడా ఉంది, దరఖాస్తు పెట్టుకోవాలి.

భార్యాభర్తలు ఒకే కాగితం మీద రాయకండి. ఇద్దరూ విడివిడిగా రాసుకోండి.

9. దాచడం, మార్చడం

ఒరిజినల్ ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కు తెలియాలి. బ్యాంకు లాకర్‌లో మాత్రమే పెట్టకండి. లాకర్ తెరవడానికే వీలునామా అడిగే పరిస్థితి వస్తుంది. సీల్ చేసిన కవర్‌లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు. అది రిజిస్ట్రేషన్‌తో సమానం కాదని గుర్తుంచుకోండి.

మళ్ళీ తీసి చూడాల్సిన సందర్భాలు: ఇంట్లో పెళ్ళి లేదా చావు, భూమి అమ్మకం లేదా కొనుగోలు, సంస్థ చిరునామా లేదా పేరు మారడం, సంస్థ మీద నమ్మకం పోవడం. కొట్టివేతలు, పైన రాతలు చేయకండి. కొత్త వీలునామా రాసి, “ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు” అని మొదటి పేరాలోనే పెట్టి, మళ్ళీ ఇద్దరు సాక్షులతో సంతకం చేయండి.

10. తర్వాత ఎగ్జిక్యూటర్ చేసే పని, వరుసగా

- మరణ ధ్రువీకరణ పత్రం నాలుగైదు కాపీలు తీసుకోవాలి
- అప్పులు, ఆస్పత్రి బిల్లులు తేల్చాలి
- సంస్థకు వీలునామా కాపీతో ఉత్తరం పంపి రసీదు తీసుకోవాలి
- బ్యాంకుకు వీలునామా, మరణ పత్రం ఇచ్చి క్లెయిమ్ చేయాలి
- భూమి అయితే రాష్ట్ర భూరికార్డుల పోర్టల్ భూభారతిలో దరఖాస్తు పెట్టాలి. తహసీల్దార్ వారసులకు నోటీసులు ఇచ్చి అభ్యంతరాలు వింటారు
- డబ్బు చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారానే ఇచ్చి, రసీదు కుటుంబానికి చూపాలి

మన జిల్లాల్లో వీలునామాకు ప్రొబేట్, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. వారసుల్లో ఎవరైనా అభ్యంతరం పెడితే మాత్రం సివిల్ కోర్టుకు వెళ్ళక తప్పదు.

11. కళ్ళు, శరీరం ఇవ్వాలనుకునేవాళ్ళకు

దీన్ని వీలునామాలో రాసి ఊరుకోకండి. వీలునామా తెరిచేసరికి రోజులు గడిచిపోతాయి, కళ్ళు సుమారు ఆరు గంటల్లో తీసుకోవాలి. అవయవాలకు రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోండి. శరీరానికి నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం నింపి ఇవ్వండి. ఆ సమయంలో ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే కాబట్టి, ఫారం మీద వాళ్ళ సంతకాలు కూడా పెట్టించి, ఐ బ్యాంకు ఫోన్ నంబరు ఇంట్లో అందరికీ కనిపించే చోట అంటించండి.